పాత బండి, పరాయి గుండె

విశాఖపట్నంలో సముద్రపు గాలి ఒంటికి ఎంత హాయో, ఇనుముకు అంత శత్రువు. మా నాన్నగారు పోయిన రెండేళ్లకు ఆయన స్కూటరు ఇంజను మూలబడింది. బండి అమ్మేద్దామంటే మనసొప్పలేదు. అదే రకం ఇంజను మరొకటి దొరికింది.

"చెప్పకుండా బిగించేద్దాం మాస్టారూ, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు మేస్త్రీ.

చూసేవాళ్లున్నారు మరి! 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షను ప్రకారం, బండిలో ఇలాటి మార్పు చేస్తే 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలిపి రిజిస్ట్రేషను పత్రంలో ఎక్కించుకోవాలి. దొంగబండి ఇంజను మరో బండిలో దాక్కోకుండా ఈ కట్టడి. అందుకే ముందు అనుమతి, ఆ తర్వాతే స్పానరు అన్నాను.

బ్రేకు ఇనస్పెక్టరుగారు ఇంజను నంబరూ, కొన్న రశీదూ సరిచూశారు. చిక్కల్లా ఛాసిస్ నంబరుతో వచ్చింది. తుప్పు కమ్మేసింది. అది కనబడకపోతే బండికి ఊరూ పేరూ లేనట్టే! పెట్రోలు గుడ్డతో తుడిచి, కాగితం ఆనించి, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద రుద్దినట్టు పెన్సిలుతో రుద్దారు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఒక్కొక్క అంకే తేలింది.

"గుండె మారిపోయింది కదా, ఇంకా అది మీ నాన్నగారి బండేనట్రా?" అంది మా అమ్మ, ఇంటికి రాగానే.

"సర్కారువారే సంతకం పెట్టారమ్మా!" అన్నాను.

అమ్మ కొంగుతో సీటు తుడిచింది.