ఎంగిలి సీసా

వానలంటే మీకు ఆషాఢ శ్రావణాలు గుర్తొస్తాయేమో గానీ, మా పుదుచ్చేరిలో అసలు వాన కార్తీకంలోనే. మొన్నామధ్య అలాంటి ముసురులో సాయంత్రం కరెంటు పోయింది. బజ్జీలు వేగుతున్నాయి. యానాం నుంచి వచ్చిన అమ్మ, మేడమీద ఉండే ఇంటిగలావిడ పాటి, మా పిల్లాడు, నేను లాప్‌టాప్ చుట్టూ చేరాం. అమ్మకి తమిళం రాదు, పాటికి తెలుగు రాదు, మావాడికి రెండూ సగం సగం. ఇక మాటల్లేని బొమ్మల సినిమాయే గతి.

ఇటలీలో బ్రూనో బొజ్జెట్టో 1976లో తీసిన 'అల్లెగ్రో నాన్ ట్రాప్పో'లోని ఓ ముక్క పెట్టాను. డిస్నీ వాళ్ళ 'ఫాంటేసియా' మీద వేళాకోళం ఆ సినిమా. 1940 నాటి ఆ ఫాంటేసియాలో స్ట్రావిన్‌స్కీ సంగీతానికి భూమి పుట్టడం, రాక్షసిబల్లులు రావడం, చావడం అన్నీ హరికథలో కరుణరసమంత గంభీరం. బొజ్జెట్టో అదే కథని రావెల్ 'బొలేరో'కి కట్టాడు. 1928 నాటి ఫ్రెంచి బాణీ అది. మొదట్నుంచీ ఒకటే డోలు దరువు, మా చూరులోంచి బకెట్లోకి పడే చుక్కల్లా. ఒక్కో వాయిద్యం వచ్చి కలుస్తూ పదిహేను నిమిషాలు పెరుగుతూనే పోతుంది.

కథేమిటంటే, ఏదో గ్రహం మీంచి రాకెట్టు ఎగిరిపోతుంది. వెనకాల ఓ కోలా సీసా మిగులుతుంది. అడుగున నాలుగు చుక్కలు. ఆ మడ్డి దరువుకి కదిలి, బుడగ కట్టి, సీసా మూతి దాటి జారి, కన్ను తెరుస్తుంది. అంతే, ఇక జీవకోటి ఊరేగింపు మొదలు!

అమ్మ బజ్జీ నోటిదాకా తెచ్చి ఆపేసింది. "ఒరేయ్, అది ఎవడో తాగి పారేసిన సీసా కదూ? అంటే మనమంతా ఎంగిలికి పుట్టామా?"

డార్విన్ కూడా ఈ ప్రశ్నకి తడుముకునేవాడు. శబరి ఎంగిలి రాముడు తిన్నాడుగా అన్నాను. ఆవిడ వినలేదు. దశావతారాల పోలిక తెద్దామనుకున్నాను గానీ, ప్రతి ఉపన్యాసంలోనూ అరిగిపోయిన సరుకు, మానేశాను.

పాటి మాత్రం ఊరేగింపులో ఎవరు పడినా "అయ్యో పావం" అంటూనే ఉంది. దుడ్డుకర్ర పట్టిన కోతి వచ్చాక ఆ మాట కూడా మానేసింది. చివర్లో నగరాలు లేచి జంతువుల్ని కూలదోస్తాయి. మనిషి విగ్రహం ఒకటి ఠీవిగా నిలబడుతుంది. అదీ పగులుతుంది. లోపల అదే కోతి! మావాడు పడీపడీ నవ్వాడు.

ఈ ఊళ్ళో పరిణామం మీద నవ్వాలంటే కాస్త ధైర్యం కావాలి. 1910లో ఇక్కడికొచ్చిన శ్రీ అరవిందులు, 1914 ఆగస్టు 15న మొదలైన 'ఆర్య' పత్రికలో 'ది లైఫ్ డివైన్' నెలనెలా రాశారు. జడంలోంచి ప్రాణం, ప్రాణంలోంచి మనసు, మనిషి నడుమ మజిలీయే, పైకి ఇంకా దారుంది అని ఆయన మాట. బొజ్జెట్టో కూడా మనిషిని ఆఖరి మెట్టు అనలేదు లెండి. కాకపోతే మెట్టు మీద గోరుతో గీకి, కింద ఏముందో చూపించాడు. నాకు ఆ గీకుడే నచ్చింది.

పాటికి ఇంకేదో గుర్తొచ్చింది. పౌర్ణమికి తిరువక్కరై వక్రకాళి గుడికి వెళ్ళినప్పుడు అక్కడ 'కల్‌మరం' చూసిందట. రాయైన చెట్టు. నేనూ చూశాను, ఇక్కణ్ణించి పాతిక ముప్పై కిలోమీటర్లు. దాదాపు రెండు కోట్ల ఏళ్ళ నాటి మానులు, ఇసుకలో కూరుకుపోయి, కణం కణంలో సిలికా నిండి బండలైపోయాయి. కోసినట్టున్న చోట వలయాలు ఇంకా లెక్కపెట్టచ్చు. చేత్తో తడితే చల్లగా, బరువుగా, రాయే. కళ్ళకి మాత్రం నిన్న కొట్టిన కట్టె. పిల్లాడు తర్జుమా చేస్తుంటే అమ్మ ఆసక్తిగా విని, "అది నయం. శుభ్రమైన పుట్టుక" అంది.

కరెంటు వచ్చింది. వంటింట్లో కుళాయి చప్పుడు. చూద్దును కదా, మావాడు తాగి వదిలేసిన కూల్‌డ్రింకు సీసాని అమ్మ రెండుసార్లు తొలిచి, గట్టు మీద బోర్లిస్తోంది.