ఘాటీ దారిలో కడపటివాడు



గత నవంబరులో మా సంఘ యౌవనస్థులు 11 మంది సైకిళ్ళమీద అరకు లోయకు వెళ్ళి, అక్కడి విశ్వాసులతో కలిసి ఆదివార ఆరాధనలో పాల్గొనాలని తీర్మానించుకున్నారు. వారితో నేనూ బయలుదేరాను. “ఈ వయసులో అయ్యగారికి ఇదేం సరదా!” అని మా సంఘ పెద్ద ఒకరు నవ్వారు. ప్రసంగ పీఠం ముందు నోరు విప్పని పిల్లలు రోడ్డుమీద విప్పుతారని నా అనుభవం.

శృంగవరపుకోట నుండి అరకు సుమారు 60 కిలోమీటర్లు. బొడ్డవర వరకు పెద్ద కష్టమేమీ లేదు. ఆ తరువాత ఘాటీ మొదలవుతుంది. అనంతగిరి దాటి గాలికొండ వరకు ఎక్కుడే ఎక్కుడు. ఒక మలుపు తిరిగితే పైన మరో మలుపు కనబడుతుంది. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి, మరల కొంత దిగితే గాని లోయ రాదు.

చదును నేలమీద గుంపుగా తొక్కడంలో ఒక మేలున్నది. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనుకవారికి శ్రమ తగ్గుతుంది. వంతులవారీగా ముందుకు వస్తే అందరూ నిలుస్తారు. కొండ ఎక్కేటప్పుడు ఈ ఉపాయం పనిచేయదు. వేగం నడకంత అయినప్పుడు అడ్డుకునేది గాలి కాదు, బరువు. ఎవరి ఒళ్ళు, ఎవరి సైకిలు వారే మోసుకోవాలి. అందుచేత గుంపు చెదిరిపోతుంది.

మాలో ఏడుగురికి గేర్ల సైకిళ్ళున్నాయి. ముందు చిన్న చక్రానికి, వెనుక పెద్ద చక్రానికి చైను మార్చుకుంటే ఎక్కువసార్లు తొక్కాలి గాని కాళ్ళకు తేలిక. తక్కినవి మామూలు సైకిళ్ళు. వాటిలో ఒకటి పాల క్యాన్లు మోసే సైకిలు, ఇరవై కిలోలకు తక్కువుండదు. దానిని తెచ్చిన తమ్ముడు ఇంటరు తప్పినప్పటి నుండి ఆరాధనకు రావడం దాదాపు మానివేశాడు. స్నేహితుడు బలవంతపెడితే వచ్చాడు. ఆ రోజు అతడు సగం దారిలో వెనుదిరిగితే మళ్ళీ గుడి మెట్లు ఎక్కుతాడన్న నమ్మకం నాకు లేదు.

ముందున్నవారు మంచివారే. ప్రతి నాలుగైదు మలుపులకు ఆగి వెనుకవారికోసం కనిపెట్టేవారు. నీళ్ళు త్రాగి, బిస్కెట్లు తిని, కబుర్లు చెప్పుకునేవారు. ఈ తమ్ముడు రొప్పుతూ చేరగానే “అందరూ వచ్చేశారు, పదండి!” అని లేచేవారు. అలసిపోనివారికి పావుగంట విశ్రాంతి, అలసినవానికి ఒక్క నిమిషమైనా లేదు! మూడవసారి అతడు సైకిలును రోడ్డు ప్రక్కన పడవేసి కూర్చున్నాడు. “మీరు వెళ్ళండి అయ్యగారూ, నేను దిగిపోతాను,” అన్నాడు. అతనికి ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు త్రాగించాను.

ఇకమీదట చివరివాడు చేరిన తరువాతనే విశ్రాంతి సమయం లెక్కపెట్టాలని చెప్పాను. “పైన సాయంకాల ప్రార్థనకు మనకోసం కూర్చుంటారు గదా?” అని ఒక యౌవనస్థుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అక్కడి పెద్దగారికి ఫోనులో ఆలస్యమవుతుందని తెలియజేశాము. ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు తన పిల్లల నడకను, మందల నడకను బట్టి మెల్లగా వస్తానని ఏశావుతో చెప్పిన సంగతి వారికి జ్ఞాపకం చేశాను. అతడు తరువాత శేయీరుకు పోక సుక్కోతుకు పోయాడన్నది వేరే విషయం. అయినా పిల్లలు గలవాని లెక్క అది. కీర్తనలలో 120 నుండి 134 వరకు గల పదిహేను యాత్రకీర్తనలు కూడా ఒంటరివాని పాటలని నేననుకోను. యెరికో సముద్రమట్టానికి సుమారు 250 మీటర్లు దిగువన, యెరూషలేము సుమారు 750 మీటర్లు ఎగువన ఉన్నవి. పండుగకు ఆ దారిన ఎక్కినవారిలో ముసలివారూ, చంటిపిల్లల తల్లులూ ఉండరా?

అప్పుడు అందరికంటె ముందు తొక్కుతున్న కుర్రవాడు లేచి, ఎవరూ అడగకుండానే తన గేర్ల సైకిలు ఈ తమ్మునికిచ్చి పాల సైకిలు పట్టుకున్నాడు. అరగంట గడవకముందే దిగి నెట్టుకుంటూ నడిచాడు. “దీనిమీద ఇంతదూరం ఎలా వచ్చావురా!” అన్నాడు. ఇవతల ఇతనికి గేర్లు మార్చడం తెలియక రెండుసార్లు చైను పడిపోయింది. చేతులు నల్లగా చేసుకున్నాడు గాని, సైకిలు సొంతదారునికంటె త్వరగా ఎక్కించాడు.

చీకటి పడ్డాక చేరాము. అక్కడి తల్లులు చోడి అంబలి కాచి ఉంచారు. దానికంటె రుచిగలది ఈ మధ్య నేను త్రాగలేదు. తెల్లవారి ఆరాధనకు వెళ్తుంటే వలిసె పూలు పొలమంతా పచ్చగా విరబూసి ఉన్నాయి.

సోమవారం దిగాలి. ఎక్కడంకంటె దిగడమే ప్రమాదం. బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము వేడెక్కుతుంది. నొక్కుతూ, వదులుతూ, మలుపులోకి రాకముందే వేగం తగ్గించుకోవాలి. బయలుదేరకముందు ఆ తమ్ముడే అందరి బ్రేకు రబ్బర్లూ చూచి, అరిగిపోయిన రెండింటిని మార్చాడు. ఎవరైనా పడితే చూచుకోవడానికి చివర ఒకరుండాలని చెబితే, ఆ పని తానే తీసుకున్నాడు. బొడ్డవరలో టీ దుకాణం దగ్గర అతనికోసం మేము ఇరవై నిమిషాలు కూర్చున్నాము. వచ్చి, టీ తెప్పించుకుని, అతడు ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టాడు.