ముఖచిత్రమునకు ఎన్ని అడుగుల దూరము?

సోదరీమణులు పట్టుచీరల యెంపికను గూర్చి, పచ్చళ్ల నిలువను గూర్చి తఱచుగా వ్రాయుచుందురు. కెమేరా కటకమును గూర్చి వ్రాయుట కొందఱకు వింతగా తోపవచ్చును. కాని యింటి పెద్దల ముఖములను పదిలపఱచుటయు గృహిణి పనులలో నొకటియే యని మా నమ్మకము.

మా మామగారు పరమపదించి ఆఱేండ్లయినది. వారి ఛాయాచిత్రము మాకు మిగిలినది ఒక్కటే. పెండ్లివారి గుంపులో చింతగింజంత ముఖము. పెద్దది చేయింపగా మసక తప్ప మఱేమియు కానరాలేదు. చిత్రములు తీయువారు తాము చిత్రములోనికి రారు గదా! అత్తగారికిప్పుడు 78 ఏండ్లు. ఆమె విషయమున అట్లు జరుగరాదని మేము సంకల్పించుకొంటిమి.

మామగారి కెమేరా యింటనే యున్నది. అది జర్మనీలోని లైట్జ్ వారు 1954లో తొలిసారి వెలువరించిన లైకా ఎం 3, రేంజిఫైండరు జాతిది. ఇందులో మనము చూచు కిటికీ వేఱు, చిత్రమును పట్టు కటకము వేఱు. కిటికీ నడుమ బింబము రెండుగా కనబడును. కటకమును త్రిప్పగా ఆ రెండును ఒకటైనచో గురి కుదిరినట్లు.

దానికున్నది 50 మిల్లీమీటర్ల కటకము. తల మొదలు ఱొమ్ము వఱకు, అనగా రెండడుగుల మేర, చిత్రము నిండుగా రావలెనన్నచో దానితో 3 అడుగుల దగ్గఱకు పోవలెను. అంత దగ్గఱనుండి తీసినచో ముక్కు పెద్దదై, చెవులు వెనుకకు పోవును. అది కటకపు దోషము కాదు, దూరపు దోషము. ముక్కునకు చెవికి నడుమనున్న నాలుగైదంగుళములు 3 అడుగుల వద్ద లెక్కకు వచ్చును; 5 అడుగుల వద్ద అంతగా రావు. మఱియు కోడలు అంత చేరువగా కెమేరాతో నిలిచినచో అత్తగారు కొంగు సవరించుకొని కొయ్యబొమ్మవలె బిగిసికొందురు.

అదే మేరకు 90 మిల్లీమీటర్ల కటకముతో 5 అడుగులు, 135తో 8 అడుగులు ఎడము చాలును. మా వసారా వెడల్పు ఏడడుగులే. పైగా ఈ కెమేరా కిటికీలో 135 చట్రము చాల చిన్నది. 75కును 85కును చట్రమే లేదు. 90 తగిలించినచో దాని చట్రము తనంత తానే వెలుగును. కావున 90 యని తేలినది.

అందులోను రెండు రకములు: ఎఫ్ 2 ద్వారము గల సమ్మిక్రాన్, ఎఫ్ 4 ద్వారము గల ఎల్మార్. మావారు మొదటిదానికే మ్రొగ్గిరి. మసక వెలుతురులోను పని చేయునని వారి వాదము. దాని వెల మిక్కిలి యెక్కువ; మా చేతనున్నది ఇంటికప్పు బాగుచేయించుటకు కూడబెట్టిన చీటిసొమ్ము. మేము చెప్పినదిది: 5 అడుగుల వద్ద ఎఫ్ 4తో స్పష్టముగా వచ్చు మందము సుమారు 7 సెంటీమీటర్లు, ఎఫ్ 2తో అందులో సగమే. పెద్దవారు కూర్చున్నచోటనే కొంచెము కదలినను కన్ను మసకబాఱును. ఈ కెమేరా కిటికీలో అంతయు స్పష్టముగనే కనబడును గాన, ఆ మసక మనకు ముందుగా తెలియదు. ఇక వెలుతురందుమా, మా తర్లుపాటిలో కఱవు నీటికే గాని యెండకు కాదు. మావారు నవ్వి యొప్పుకొనిరి. మిగిలిన సొమ్ము కప్పునకే పోయినది.

పాత ఎల్మార్‌ను, బాగులేనిచో తిరిగి తీసికొందుమను మాట పుచ్చుకొని తెచ్చితిమి. దీపమునకెదురుగా పట్టి లోపల బూజుదారములు లేవని చూచితిమి. పిమ్మట మార్కాపురపు పలకలు ఐదింటిపై అంకెలు వ్రాసి, ఒకదాని వెనుక ఒకటి పక్కకు జరిపి నిలిపి, ద్వారమును పూర్తిగా తెఱచి, నడిమి పలకకు గురిపెట్టి తీసితిమి. ఫిల్ము కడిగించి చూడగా 3 అంకెయే అన్నిటికన్న తేటగా వచ్చినది. కెమేరాకును కటకమునకును పొత్తు కుదిరినదనుటకు అంతకన్న వేఱు సాక్ష్యమేల?

అత్తగారు వసారాలో కందులు చెఱుగుచుండగా, 5 అడుగుల ఎడమున కూర్చుండి, మాటలాడుచునే మూడు చిత్రములు తీసితిమి. చేట ఆగలేదు, కొంగు బిగియలేదు. చిత్రము చేతికీయగా చాలసేపు చూచి, "నేనింత ముసలిదాన్నయినానా!" అనిరి. మఱునిమిషమున, "ఒకటి గిద్దలూరులో పాపకు పంపించమ్మా" అనిరి.

ఉషాకన్య చెలికత్తెయైన చిత్రలేఖ రాజకుమారులందఱ రూపములను వ్రాసి చూపగా, ఉష అనిరుద్ధుని గుర్తించెనని భాగవతకథ. ముఖచిత్రమునకు నేటికిని పరీక్ష అదియే: ఎఱిగినవారు గుర్తింపవలెను. అందులకు మిక్కిలి వెలగల కటకము అక్కఱలేదు. పెద్దలయెదుట మనము మర్యాదగా నిలుచు దూరమునకు సరిపడునది చాలును. అట్టిది మీ యింట ఉన్నచో, సోదరీమణులారా, పండుగకొఱకు ఆగకుడు. పెద్దలు పనిలో నిమగ్నులై యున్న యే పూటయైనను మంచి ముహూర్తమే.