ఒత్తిడి కొలిచాక అడిగే ప్రశ్నలు

మదురై అన్నానగర్, అరవింద్ కంటి ఆసుపత్రి. గ్లాకోమా విభాగంలో బెంచీల మీద వినబడేదంతా తమిళమే. నా పక్కనున్న పెద్దాయన మాత్రం భార్యతో తెలుగులో మాట్లాడుతున్నాడు. కోవిల్‌పట్టి దగ్గరి నల్లరేగడి పల్లె వాళ్లది. నాయకరాజుల కాలానికి అటూఇటూగా దక్షిణానికి దిగి వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ సీమలో చాలా ఉన్నాయి. కి. రాజనారాయణన్ తమిళ నవలలకెక్కించింది వీళ్ల బతుకులనే. 1976లో పదకొండు పడకలతో ఈ ఆసుపత్రి తెరిచిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి పుట్టిన వడమలాపురం కూడా ఆ నేలదే.

“కన్ను బాగనే ఉండాది సామీ. అద్దాలు మార్చుకుందామని వస్తిమి” అన్నాడాయన. కంట్లో ఒత్తిడి 26 ఉందని తేలి ఈ విభాగానికి పంపారట.

బాగానే ఉందనుకోవడంలోనే ప్రమాదమంతా ఉంది. కంట్లో ఊరే నీరు సరిగా బయటికి పోకపోతే ఒత్తిడి పెరుగుతుంది, చూపునరం పోగులు చచ్చిపోతుంటాయి. గ్లాకోమా అంటే ఇదే. చాలామందికి నొప్పి ఉండదు. ఎదుటి చూపు చివరిదాకా నిలిచే ఉంటుంది. మదురై, తిరునల్వేలి, తూత్తుకుడి జిల్లాల పల్లెల్లో నలభై దాటిన 5,150 మందిని చూసి అరవింద్ వైద్యులు 2003లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 2.6 మందికి గ్లాకోమా ఉంది. అందులో ఎక్కువగా కనిపించే రకం వచ్చినవాళ్లలో 93 శాతానికి ఆ సంగతే తెలియదు. ఆ రకం వచ్చినవాళ్లలోనే ప్రతి ఐదుగురిలో ఒకరికి ఒక కన్నయినా అప్పటికే పోయింది. పోయిన చూపు ఏ మందుకూ తిరిగి రాదు.

పల్లెల నుంచి వచ్చి ఇక్కడే తర్ఫీదు పొందిన అమ్మాయిలు ఆయన్ను ఒక గది నుంచి మరో గదికి నడిపించారు. తిమ్మిరి చుక్క వేసి, నీలి వెలుగులో చిన్న పరికరం మొనను కంటి ముందుండే కార్నియా పొరకు ఆనించి ఒత్తిడి మళ్లీ కొలిచారు. 10 నుంచి 21 దాకా మామూలే అంటారు. కానీ కార్నియా పలచగా ఉంటే యంత్రం తక్కువ చూపిస్తుంది, మందంగా ఉంటే ఎక్కువ. అందుకే మందం కూడా కొలుస్తారు. ఒత్తిడి ఎక్కువున్నా నరం ఇంకా చెడని 1,636 మందిని అమెరికాలో గమనించారు. 2002లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఐదేళ్లలో చుక్కల మందు వాడనివాళ్లలో 9.5 శాతానికి గ్లాకోమా వచ్చింది, వాడినవాళ్లలో 4.4 శాతానికే. వయసు పెరిగినవాళ్లకు, కార్నియా పలచగా ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ.

పెద్దాయన కార్నియా పలచనిది. నరం కూడా కొంత అరిగింది. రోజూ రాత్రి చుక్క వేసుకోవాలన్నారు, అదీ జీవితాంతం. తర్వాత డాక్టరు అడిగిన ప్రశ్న నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది: ఇంట్లో ఇంకెవరికైనా చూపు పోయిందా?

“మా అన్నకు పోయె. ముసలితనమనుకుంటిమి.”

తోబుట్టువుకు గ్లాకోమా ఉంటే మిగతావాళ్లకు ముప్పు ఎన్నో రెట్లు. పైగా మనవాళ్లలో మేనరికాలు. తోడు వచ్చిన భార్య ఆయన సొంత అక్క కూతురు, అంటే ఆమెదీ ఆ నెత్తురే. డాక్టరు ఆమెనూ కుర్చీలో కూర్చోబెట్టారు. ఒత్తిడి 18 వచ్చింది. అయినా నరం చూడకుండా వదల్లేదు. మామూలు ఒత్తిడితోనే నరం చెడేవాళ్లు మన దేశంలో తక్కువేం కాదు. ఆమె నరం బాగుంది, ఏటా చూపించుకోమన్నారు.

ఇక మిగిలింది ఆమె తల్లి, అంటే పెద్దాయన అక్క. కోయంబత్తూరులో ఉంటుంది. 1997 నుంచి అక్కడా అరవింద్ ఉంది. కూతురు బెంచీ దగ్గరికి వస్తూనే ఫోన్ చేసింది: “అమ్మా, కండ్లు బాగనే ఉండాయని చెప్పొద్దు. రేపే పోయి చూపించుకో.”