లెక్కలోకి రాని ఆట

లారెన్స్, కాన్సస్
15 అక్టోబర్ 2017, ఆదివారం

తమ్ముడూ,

కాగితం మీద రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను. నాకు చేత్తో రాస్తేనే మనసులో మాట బయటికొస్తుంది. మరదలికి కూడా చదివి వినిపించు.

పొద్దున్నే అమ్మాయి నన్ను లారెన్స్ తీసుకొచ్చింది. వాళ్ళుండే ఓవర్‌లాండ్ పార్క్ నుంచి ముప్పావుగంట దారి. ఎందుకొచ్చామో చెబితే నువ్వు కూర్చున్నచోట కూర్చోలేవు. బాస్కెట్‌బాల్ పుట్టించిన నెయిస్మిత్ మాస్టారి చేతిరాత చూశానురా! ముప్పై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా నేను, ఇప్పటికీ కోర్టు మీద నువ్వు, పిల్లలకి ఒకటే పాఠం చెప్పుకొచ్చాం కదా: 1891 చలికాలం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరు, మాట వినని కుర్రాళ్ళ క్లాసు, గోడకి కట్టిన పీచ్ పళ్ళ బుట్టలు. అప్పుడాయన రాసిన పదమూడు నియమాలు ఇక్కడ అద్దం వెనక ఉన్నాయి. రెండే కాగితాలు. టైపు కొట్టినవి, టీ ఒలికినట్టు రంగు మారాయి. కింద సిరాతో ఆయన రాసుకున్న మాటలున్నాయి. 2010లో వేలానికొస్తే ఇక్కడి కాన్సస్ యూనివర్సిటీలో చదువుకున్న ఒకాయన 43 లక్షల డాలర్లు పెట్టి కొని ఇక్కడికి చేర్చాడు.

నేను ఐదో నియమం దగ్గర ఆగిపోయాను. భుజంతో తొయ్యకూడదు, పట్టుకోకూడదు, నెట్టకూడదు, కాలు అడ్డం పెట్టకూడదు, కొట్టకూడదు. ఎదుటివాడి ఒంటికి దెబ్బ తగలకుండా గెలవాలన్న ఆలోచనతోనే ఈ ఆట పుట్టింది. ఇన్నేళ్ళు ఫౌల్ అని విజిల్ వేశానే గాని, ఆ మాటకి వేరు ఇక్కడుందని ఇవాళే తెలిసింది.

నెయిస్మిత్ 1898లో ఈ ఊరు వచ్చి, 1939లో ఇక్కడే కన్నుమూశారు. కాన్సస్ జట్టుకి మొదటి కోచ్ ఆయనే. గెలిచినవి 55, ఓడినవి 60. గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న కోచ్ ఈ జట్టు చరిత్రలో ఆయనొక్కరే. ఆట పుట్టించిన మనిషి! గెలిస్తేనే కోచ్ అనుకునే నీ స్కూలు కమిటీ వాళ్ళకి ఇది చెప్పు. పక్కనే ఆలెన్ ఫీల్డ్‌హౌస్. 1955లో కట్టారు, 16,300 మంది పడతారు. లోపల బల్లలు చెక్కవే, కిటికీల్లోంచి ఎండ కోర్టు మీద పడుతోంది. కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాం.

అసలు సంగతి ఇదీ. వచ్చే ఆదివారం, 22న, కాన్సస్‌కీ మిస్సోరీకీ కాన్సస్ సిటీలోని స్ప్రింట్ సెంటర్‌లో ఆట. సీజన్ ఇంకా మొదలవలేదు. ఈ ఆట గెలుపోటములు ఏ పట్టికలోకీ ఎక్కవు. వచ్చే డబ్బంతా తుఫాను బాధితులకి. ఈ ఏడాది ఆగస్టులో హార్వీ టెక్సాస్‌ని ముంచింది, సెప్టెంబర్‌లో ఇర్మా ఫ్లోరిడా మీద పడింది, ఆ వెంటనే మారియా పోర్టోరికోని ఊడ్చేసింది. మామూలుగా పెద్ద కాలేజీ జట్లు సీజన్ ముందు జనం ఎదుట ఒకదానితో ఒకటి ఆడకూడదు. చిన్న కాలేజీలతో ఆడతాయి, లేదా తలుపులు వేసుకుని సాధన చేసుకుంటాయి. ఈసారి సాయం కోసమని కాలేజీ ఆటలు చూసే ఎన్‌సీఏఏ ఆ నియమం సడలించింది.

శుక్రవారం ప్రకటించారు. టికెట్లు పెట్టగానే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఎలాగో రెండు దొరకబుచ్చుకుంది. పై అంతస్తులో, మూలకి. కాసేపట్లోనే మొత్తం అయిపోయాయట. లెక్కలోకి రాని ఆటకి ఇంత గిరాకీ ఎందుకో మిస్సోరీ జట్టు ఊరైన కొలంబియా వెళ్ళాక రాస్తాను.

అక్క


కొలంబియా, మిస్సోరీ
17 అక్టోబర్, మంగళవారం

తమ్ముడూ,

అల్లుడికి ఇక్కడ పని పడితే నేనూ కార్లో ఎక్కేశాను. డెబ్బయ్యో నంబరు హైవే మీద తూర్పుగా రెండు గంటల పైన. మధ్యలో రాష్ట్రం మారింది గాని నాకేమీ తేడా కనపడలేదు. కాన్సస్ సిటీలో స్టేట్ లైన్ అని ఒక రోడ్డుంది. రోడ్డుకి ఇటు ఇళ్ళు కాన్సస్, అటు ఇళ్ళు మిస్సోరీ. ఒకే సూపర్ మార్కెట్, ఒకే ఆసుపత్రి. జెర్సీ వేసుకున్న రోజున మాత్రం పలకరింపులుండవట.

ఈ పగ ఆటతో పుట్టింది కాదు. 1854లో కాన్సస్ ప్రాంతాన్ని తెరిచినప్పుడు, అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడి జనమే ఓటేసి తేల్చుకోమన్నారు. పక్కనున్న మిస్సోరీ బానిసత్వం ఉన్న రాష్ట్రం. అక్కడినుంచి జనం సరిహద్దు దాటొచ్చి ఓట్లేశారు. బానిసత్వం వద్దన్నవాళ్ళు మసాచుసెట్స్ నుంచి బళ్ళు కట్టుకొచ్చి లారెన్స్ ఊరు కట్టారు. మొన్న మేం నడిచిన పెద్దవీధి పేరు అందుకే మసాచుసెట్స్ వీధి. 1861లో కాన్సస్ దండు మిస్సోరీలోని ఆసియోలా ఊరిని తగలబెట్టింది. 1863 ఆగస్టు 21 తెల్లవారుజామున క్వాంట్రిల్ అనేవాడు మిస్సోరీ వైపు నుంచి నాలుగొందల మందితో వచ్చి లారెన్స్ మీద పడ్డాడు. నూట యాభై మందికి పైగా మగవాళ్ళని, మగపిల్లల్ని చంపేశారు. నేను ఐస్‌క్రీమ్ తిన్న వీధి అదే. ఆ మాట తెలిశాక ఆ రుచి గుర్తు చేసుకోవడానికి కూడా మనసొప్పలేదు.

జట్ల పేర్లు చూడు. కాన్సస్‌వాళ్ళు జేహాక్స్. ఆనాడు సరిహద్దులో దాడులు చేసిన కాన్సస్ దండులకి ఉన్న పేరు. మిస్సోరీవాళ్ళు టైగర్స్. ఆనాటి అంతర్యుద్ధంలో దోపిడీదార్ల నుంచి ఈ కొలంబియా ఊరిని కాచిన కాపలా దళానికి ఉన్న పేరు. రెండు జట్లూ ఒకే యుద్ధపు పేర్లు మోస్తూ 1907 నుంచి ఆడుతూ వచ్చాయి.

చివరిసారి ఆడింది 2012 ఫిబ్రవరి 25న, మొన్న నేను కూర్చున్న ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌లో. అల్లుడు ఫోన్లో వీడియో పెట్టి చూపించాడు. రెండో సగంలో మిస్సోరీ 19 పాయింట్లు ముందుంది. కాన్సస్ ఒక్కో బుట్టా వేసుకుంటూ వచ్చి సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో 87–86, ఒక్క పాయింటుతో కాన్సస్ గెలిచింది. ఆ ఏడాదే మిస్సోరీ ఇద్దరూ ఆడే లీగు వదిలి వేరే లీగులోకి వెళ్ళిపోయింది. వదిలేసి పోయినవాళ్ళతో ఇక ఆడేదేమిటని కాన్సస్ తలుపు మూసేసింది. వందేళ్ళు దాటిన ఆట అలా ఆగిపోయింది. తప్పు ఎవరిదని నేనడగను. ఆట మానుకోవడం మాత్రం ఇద్దరికీ నష్టమే, పిల్లలకి ఇంకా నష్టం.

ఇక్కడి మిస్సోరీ యూనివర్సిటీ మధ్యలో పచ్చికలో ఆరు రాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి, పైన కప్పు లేదు. 1892 జనవరిలో పాత భవనం కాలిపోతే ఇవే మిగిలాయట. వాటికింద కూర్చుంటే పులి బొమ్మ స్వెట్టర్ వేసుకున్న ఓ పెద్దాయన పలకరించాడు. ఆదివారం ఆటకి వెళ్తున్నానంటే నవ్వి, మనవడితో సహా తనూ వస్తున్నానన్నాడు. జన్మలో కాన్సస్ జెండా ఉన్న హాల్లో కాలు పెట్టనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడట. "మరి ఒట్టు?" అనడిగాను. "పోర్టోరికోలో కరెంటు లేదు కదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు.

నాకు 1977 గుర్తొచ్చింది తమ్ముడూ. దివిసీమ ఉప్పెనప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు కదా, అప్పుడు బందరు వీధుల్లో మా జట్టూ తిరిగింది. అంతకు నెల ముందే ఫైనల్లో నా మోచెయ్యి చీరేసిన జట్టు కెప్టెన్ దుప్పటి ఒక కొస పట్టుకుంది, ఇంకో కొస నేను. బియ్యం, పాతబట్టలు, చిల్లర అందులో పడుతుంటే బరువుకి ఇద్దరం ఒకేసారి వంగాం. ఆ పిల్ల పేరు గుర్తులేదు. దుప్పటి అంచు నీలం.

అక్క


ఓవర్‌లాండ్ పార్క్
21 అక్టోబర్, శనివారం

తమ్ముడూ,

మొన్న దీపావళి. వాకిట్లో నాలుగు ప్రమిదలు పెట్టాం. గాలికి నిలవలేదు, మళ్ళీ మళ్ళీ వెలిగించాం.

నిన్న అమ్మాయి ఓలేత మీదుగా తీసుకెళ్ళింది. ఇక్కడికి దగ్గరే. ఫిబ్రవరి 22న మన హైదరాబాదు ఇంజనీరు కుర్రాణ్ణి కాల్చి చంపింది ఆ ఊళ్ళోని ఒక బార్‌లోనే. పేరు రాయక్కర్లేదు, ఆ వారమంతా మనం టీవీ ముందు నుంచి లేవలేదు. నీకు తెలియనిదొకటి చెబుతాను. ఆ సాయంత్రం ఆ బార్‌లో జనం చూస్తున్నది కాన్సస్ బాస్కెట్‌బాల్ ఆటే. టీసీయూ జట్టుతో ఆడి, వరసగా పదమూడోసారి తమ లీగు గెలుచుకున్న రాత్రి. ఆట చూడటానికొచ్చిన ఇరవై నాలుగేళ్ళ తెల్లకుర్రాడు, మనవాళ్ళెవరో ముక్కూ మొహం ఎరగనివాడు, తుపాకీ మనిషి వెంట పడ్డాడు. గుండు అతని చేతిలోంచి దూసుకెళ్ళి ఛాతీలో దిగింది. బతికాడు.

మార్చిలో హూస్టన్‌లోని మన భారతీయులు అతన్ని పిలిచి గౌరవించి, ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు చందా వేసి ఇచ్చారు. ఆగస్టులో అదే హూస్టన్ నీటమునిగింది. మన బందరులో ఏడాదంతా పడే వాన అక్కడ నాలుగైదు రోజుల్లో పడింది. ఇప్పుడు కాన్సస్ సిటీలో పోగయ్యే డబ్బులో కొంత టెక్సాస్ వెళ్తుంది. ఎవరూ లెక్క చూసి చేసింది కాదు. హూస్టన్ నుంచి ఇక్కడికొచ్చిన చెయ్యి, ఇక్కడినుంచి హూస్టన్‌కి వెళ్తున్న చెయ్యి. రాత్రంతా అదే ఆలోచన, నిద్ర పట్టలేదు.

ఇక రేపటి ఆట. నీ పిల్లలకి చెప్పడానికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

కాన్సస్ కోచ్ బిల్ సెల్ఫ్. నిరుడు దేశంలోకెల్లా గొప్ప ఆటగాడనిపించుకున్న ఫ్రాంక్ మేసన్ వెళ్ళిపోయాడు. జట్టు పగ్గాలు ఇప్పుడు డెవాంటే గ్రాహమ్ చేతిలో ఉన్నాయి. బంతి చేతిలో ఉన్నప్పుడు తొందరపడడు, తల ఎత్తే ఉంటాడు. అతని డ్రిబ్లింగ్ వీడియో నీ పిల్లలకి చూపించు. ఉక్రెయిన్ కుర్రాడు మిఖైల్యూక్ దూరం నుంచి వేస్తాడు. రింగు కింద నైజీరియా కుర్రాడు ఉడోకా అజుబుకే, ఏడడుగుల మనిషి. నిరుడు మణికట్టు గాయంతో సీజన్‌లో ఎక్కువ భాగం కూర్చుండిపోయాడు. కాన్సస్‌కి గార్డుల బలం ఉంది, పొడుగువాళ్ళు తక్కువ. అజుబుకే ఫౌళ్ళలో ఇరుక్కుంటే రీబౌండ్లు ఎవరు తీస్తారో చూడాలి.

మిస్సోరీ నిరుడు 8 గెలిచి 24 ఓడింది. కోచ్ మారాడు, కువాంజో మార్టిన్ వచ్చాడు. ఆయన వెంటే కొలంబియాలో పెరిగిన మైకేల్ పోర్టర్ జూనియర్ సొంతూరికి తిరిగొచ్చాడు. ఆరడుగుల పది అంగుళాలు, అంత ఎత్తుండి గార్డులాగా షాట్ వేస్తాడు. తమ్ముడు జాంటే ఇంకో ఏడాది హైస్కూల్లో ఉండాల్సినవాడు, అన్నతో ఆడాలని ముందే వచ్చేశాడు. తండ్రి అదే జట్టులో సహాయ కోచ్. ఇల్లంతా ఒకే బెంచీ మీద! పెద్దవాణ్ణి కాన్సస్‌లో ఎవరు కాస్తారన్నదే రేపు నేను కళ్ళప్పగించి చూడబోయేది. పొట్టివాణ్ణి పెడితే నెత్తిమీంచి వేస్తాడు, పొడుగువాణ్ణి పెడితే రింగు కింద ఖాళీ అవుతుంది.

నా అంచనాకి కాన్సస్ గెలుస్తుంది, పది లోపు తేడాతో. కలిసి ఆడిన అలవాటున్నవాళ్ళు వాళ్ళు. మిస్సోరీ ఇంకా ఒకళ్ళ అడుగు ఒకళ్ళు నేర్చుకుంటోంది. అయినా లెక్కలోకి రాదని ఎవరైనా కాళ్ళీడ్చుకుంటూ ఆడతారని నేననుకోను. హాలు సగం నీలం, సగం నలుపూ బంగారం అవుతుంది.

టికెట్ దొరకనివాళ్ళ కోసం ఇంటర్నెట్‌లో చూపిస్తున్నారు, 40 డాలర్లు కట్టాలి. పక్కింటివాళ్ళు కట్టారు. వాళ్ళకి బాస్కెట్‌బాల్ తెలీదు.

నాకు ఏ రంగు వెయ్యాలో తేలక, నా పాత తెల్ల కాటన్ చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. స్కూల్లో రిపబ్లిక్ డే పెరేడ్‌కి కట్టుకునేదే అది. మీద అమ్మాయి స్వెట్టర్. ఇక్కడ మధ్యాహ్నం ఆట మొదలయ్యేసరికి నీకు అర్ధరాత్రి దాటుతుంది. మేలుకుని కూర్చోకు, నీకు బీపీ. పొద్దున్న ప్రాక్టీసుకి వెళ్ళేలోపు స్కోరు పంపిస్తాను, పోర్టర్‌ని ఎవరు కాశారో కూడా.

అక్క