జనవరి టర్మ్‌లో మాత్రికలు

ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్ డిగ్రీకి ఏడాదిలో మూడు టర్మ్‌లు: జనవరి, మే, సెప్టెంబరు. పత్తికొండలో ఎరువుల అంగడికి మాత్రం రెండే కాలాలు: తల గోక్కోవడానికి తీరిక లేని కాలం, ఈగలు తోలుకునే కాలం. నా లెక్కల చదువుకు ఏ ప్రణాళిక వేసుకున్నా ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టుకునే వేసుకోవాల్సి వచ్చింది.

మాది తుగ్గలి. రోజూ బస్సెక్కి పత్తికొండ పోయి ఒక ఎరువులు, విత్తనాల అంగట్లో లెక్కలు రాస్తాను. లెక్కలంటే జమాఖర్చు, జీఎస్టీ బిల్లులు, అరువు పుస్తకం. ఇంటర్లో సీఈసీ తీసుకున్నాను కాబట్టి అసలు లెక్కలతో నా చుట్టరికం పదో తరగతితోనే తెగిపోయింది. 2020 జూన్ ఆఖర్లో ఈ డిగ్రీ మొదలైందని పేపర్లో చూసి కత్తిరించి దాచుకున్నాను. జేఈఈ అక్కర్లేదు. ఇంటర్లో ఏ గ్రూపైనా ఫరవాలేదు, పదిలో లెక్కలూ ఇంగ్లీషూ ఉంటే చాలు. నాలుగు వారాల పాఠాలు విని, ఆ పాఠాల మీదే పెట్టే అర్హత పరీక్ష పాసైతే చేర్చుకుంటారు. పేరుకు డేటా సైన్స్ అన్నా, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్లు, డేటాబేసులు అన్నీ అందులోనే ఉన్నాయి. 2022లో ఆ అర్హత పరీక్ష గట్టెక్కి సెప్టెంబరు టర్మ్‌లో చేరాను.

'మీ వీలును బట్టి చదువుకోండి' అనే మాట ఎంతవరకు నిజమో చేరాకగానీ తెలియదు. టర్మ్‌కు ఒక్క కోర్సు తీసుకున్నా సరే, నాలుగు తీసుకున్నా సరే. ఒక టర్మ్ మొత్తం మానుకోవచ్చు. డిగ్రీ ముగించడానికి ఎనిమిదేళ్ళ గడువు. కానీ ఒకసారి కోర్సుకు పేరిచ్చామా, వారం వారం అసైన్‌మెంటుకు తారీకుంటుంది. రెండు క్విజ్‌లు, ఒక ఎండ్‌టర్మ్ ఆదివారం నాడు పరీక్ష కేంద్రానికి మనిషి పోయి రాయాలి. అంటే మన స్వేచ్ఛ అంతా పేరిచ్చే ఆ కొద్ది రోజుల్లోనే. ఆ తర్వాత పన్నెండు వారాలూ వాళ్ళ వేగమే.

మొదటి మెట్టులో, అంటే ఫౌండేషన్‌లో, ఎనిమిది కోర్సులు. అందులో సగం లెక్కలే: మ్యాథ్స్ 1, మ్యాథ్స్ 2, స్టాట్స్ 1, స్టాట్స్ 2. మిగతావి రెండు ఇంగ్లీషు, ఒకటి కంప్యుటేషనల్ థింకింగ్, ఒకటి పైథాన్. మ్యాథ్స్ 1 అయితేగానీ మ్యాథ్స్ 2 లేదు. స్టాట్స్ 2కు స్టాట్స్ 1తో పాటు మ్యాథ్స్ 1 కూడా అయిపోయి ఉండాలి. నాతో పాటు చేరిన హైదరాబాదు, బెంగళూరు పిల్లలు టర్మ్‌కు నాలుగు చొప్పున వేసుకుని ఏడాదిలో ఫౌండేషన్ దాటేయాలన్నారు. వాళ్ళలో చాలామంది ఎంపీసీ చదివి పగలు ఇంజనీరింగ్ కాలేజీకి పోతున్నవాళ్ళు. వాళ్ళ పట్టీ నాకెందుకు సరిపోతుంది?

నా పట్టీ వేరు. మే టర్మ్ అంటే జూన్, జులై. తొలకరి పడిందంటే అంగడి ముందు ట్రాక్టర్లు, ఆటోలు. రాత్రి బిల్లులు ముగిసేసరికి ఆఖరి బస్సు. ఆ టర్మ్‌లో ఒక్క తేలిక కోర్సు, లేదా ఏమీ వద్దు. సెప్టెంబరు టర్మ్‌లో మొదటి నెల మెల్లగా పోతుంది, అక్టోబరు, నవంబరుల్లో నల్లరేగడి రైతులు శనగ విత్తనానికి, డీఏపీకి వస్తారు. కాబట్టి మధ్యస్థం. జనవరి టర్మ్‌లో మాత్రం మా పడమటి పల్లెల్లో సగం ఇళ్ళకు తాళాలు. జనం గుంటూరు వైపు మిరపకాయ కోతలకు సుగ్గి పోయి ఉంటారు. అంగట్లో నేనూ, గోడ మీద బల్లీ. బరువైన లెక్కలన్నీ జనవరికే పెట్టుకున్నాను. 2023 జనవరికి మ్యాథ్స్ 1, 2024 జనవరికి మ్యాథ్స్ 2. మధ్యలో మిగతావి.

ఇంగ గండి పూడ్చడం. సీఈసీ నుంచి వచ్చినదానికి ఇంటర్ లెక్కలు నాలుగు పుస్తకాలూ చదవమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామందే దొరుకుతారు. రెండేళ్ళ చదువు అది, ఎవరికి తీరిక? ఆదోనిలో మా చిన్నమ్మ కూతురు ఎంపీసీ చదివి దాచిన తెలుగు అకాడమి పుస్తకాలు తెచ్చుకుని, పక్కన డిగ్రీ సిలబస్ పెట్టుకుని, విషయసూచికలో పెన్సిల్ గీతలు గీసుకున్నాను. 1ఎ లో ప్రమేయాలు, గణితానుగమనం, మాత్రికలు, సదిశల మొదటి అధ్యాయం ఉండాలి. త్రికోణమితి పరివర్తనలు, హైపర్బోలిక్ ప్రమేయాలు పోవాలి. 1బి లో సరళరేఖ, అవధులు, అవకలనం ఉండాలి. సరళరేఖాయుగ్మాలు పోవాలి. 2ఎ లో వర్గసమీకరణాలు, ప్రస్తారాలు-సంయోగాలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు ఉండాలి. డిమూవర్ సిద్ధాంతానికి దండం. 2బి లో వృత్తాలు, పరావలయాలు అన్నీ పక్కన పెట్టి ఒక్క సమాకలనం మాత్రం, అదీ స్టాట్స్ 2 ముందు. అవిచ్ఛిన్న విభాజనం వచ్చినప్పుడు వక్రం కింది వైశాల్యమే సంభావ్యత కదా. పుస్తకంలో సగానికి పైగా వదిలేయడం చూసి చెల్లెలికి భయమేసింది. "అక్కా, ఎంసెట్లో వృత్తాల మీద ఎన్ని బిట్లు వస్తాయో తెలుసా?" అంది. నేను ఎంసెట్ రాయడం లేదే!

ఇంకో సంగతి. ఈ డిగ్రీ పాఠాలన్నీ యూట్యూబులో ఊరికే చూడొచ్చు. కాబట్టి డబ్బు కట్టకముందే రాబోయే కోర్సు పాఠాలు కొన్ని విని, ఎక్కడ కాలు జారుతుందో చూసుకునేదాన్ని. మ్యాథ్స్ 1లో నాకు భయం బహుపదుల దగ్గర అనుకున్నాను. తీరా చూస్తే గ్రాఫుల దగ్గర, అంటే చుక్కలూ వాటిని కలిపే గీతలూ ఉండే గ్రాఫుల దగ్గర. మాధవన్ ముకుంద్ సార్ చెప్పే ఆ పాఠాలకు ఇంటర్ పుస్తకాల్లో చోటే లేదు. ఎంపీసీ పిల్లలూ నేనూ అక్కడ ఒకే గీత మీద నిలబడ్డాం. అందుకే ఆ వారాల కోసం అంగట్లో రెండు రోజుల సెలవు ముందే అడిగి పెట్టుకున్నాను.

స్టాట్స్ 1ని 2023 మే టర్మ్‌కు వేయడం తేలికని. ఉషా మోహన్ మేడం పాఠాలు నెమ్మదిగా, ఉదాహరణలతో నడుస్తాయి. సంభావ్యతకు ఉదాహరణలు మా ఊరి చేలల్లోనే తిరుగుతుంటాయి కూడా. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలాల్లో వజ్రాల వేట. ఎర్రమట్టి కడిగేసినట్టు అయ్యాక రాళ్ళు తేలుతాయని అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి కూడా జనం వచ్చి, చెట్ల కింద వండుకుని తింటూ, వంగి నడుస్తూ ఉంటారు. విత్తనానికి వచ్చిన మా వీధి మామ ఒకాయన, "ఈ తూరి దొరికితే నీ అరువు పుస్తకంలో నా పేరు కొట్టేయొచ్చు పాపా" అన్నాడు.

ఆ వారం నా పాఠం ప్రత్యాశిత విలువ. బిల్లు వెనక రాసి చూపించాను. "మామా, అయిదు వేల మంది ఒక రోజంతా వెతికితే ఒక్కరికి రెండు లక్షల రాయి దొరుకుతుందనుకో. రోజుకు తలకు నలభై రూపాయలు పడ్తాది. కలుపుకు పోతే అంతకంటే ఎక్కువ రాదా?" అంకెలు నేను అనుకున్నవే, నిజం లెక్క ఎవరి దగ్గరుంది? దొరికినోళ్ళ సంగతే పేపర్లో వస్తుంది, దొరకనోళ్ళది రాదు.

మామ కాగితం చూశాడు. "కలుపుకు పోతే కూలి వస్తాది పాపా. అప్పు తీరదు గదా!" అన్నాడు.

సగటు లెక్కలో నాదే పైచేయి. కానీ అప్పు తీరడానికి సగటు అక్కర్లేదు, సగటుకు దూరంగా పడే ఒక్క రోజు కావాలి. విస్తృతి అధ్యాయం ఆ తర్వాతి వారం వచ్చింది. దాన్ని మాత్రం నేను నోట్సు లేకుండానే రాశాను.

ఆ ఏడాది వాన ముఖం చాటేసింది. ఆగస్టంతా ఎండే. సెప్టెంబరులో పైథాన్ తీసుకున్నప్పుడు అంగట్లో బేరాలు లేక బోలెడు తీరిక దొరికింది, అలాంటి తీరిక ఎవరికీ వద్దు. ఒక ఆదివారం నాయనతో గుత్తి వైపు పోతూ మా మండలంలోనే ఉన్న ఎర్రగుడి దగ్గర దిగి అశోకుని శాసనాలు చూశాం. 1929లో బయటపడిన ఆ బండల మీద చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, మడక చాలు తిరిగినట్టు. మాత్రికను అదే వరసలో చదివే చిన్న ప్రోగ్రాం ఆ రాత్రే రాశాను. మార్కులకు పనికిరాలేదు, సంతోషానికి పనికొచ్చింది.

2024 జనవరి. మ్యాథ్స్ 2 ఒక్కటే తీసుకున్నాను. సారంగ్ సానే సార్ పాఠాలు. సమీకరణాల వ్యవస్థ, గాస్ పద్ధతి, సదిశాంతరాళాలు, కోటి, ఆఖరి వారాల్లో ఒకటి కంటే ఎక్కువ చలరాశులున్న అవకలనం. పాఠంలో ఎక్స్, వై, జెడ్ అని వస్తుంటే నా చేతికి అందలేదు. అంగట్లో ఉన్నవాటికే పేర్లు పెట్టుకున్నాను.

వర్షాధార వేరుశనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ వేయమని సిఫార్సు. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46. యూరియాలో నత్రజని 46. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాష్ 60. మూడు పోషకాలు, మూడు బస్తాలు, మూడు సమీకరణాలు. భాస్వరం డీఏపీలోనే ఉంది కాబట్టి మొదట అది తేలిపోతుంది: 35 కిలోలకు ఒక పిసరు తక్కువ. దాంతో పాటు ఆరుంపావు కిలోల నత్రజని వచ్చేస్తుంది. మిగిలిన దానికి యూరియా నాలుగు కిలోలు కూడా అక్కర్లేదు. పొటాష్ 33 కిలోల చిల్లర. గాస్ పద్ధతిలో అంత కష్టపడి తెచ్చుకునే మెట్ల ఆకారం ఇక్కడ ముందే తయారుగా ఉంది. కింది నుంచి పైకి ఎక్కుతూ పోవడమే.

సాయంత్రం అరుగు మీద కూర్చుని నాయనకు చూపించాను. మాకున్నది మూడెకరాల చెనక్కాయ చేను.

"ఏం రాస్తాండావు, సూపర్ యాడ పోయింది?" అన్నాడు.

నాయన డీఏపీ వేయడు, ఎప్పుడూ సింగిల్ సూపర్ ఫాస్ఫేటే. అందులో భాస్వరం 16 శాతం. దాన్ని కూడా చేర్చాను. ఇప్పుడు సమీకరణాలు మూడే, తెలియనివి నాలుగు. సూపర్ సున్నా అంటే పై లెక్కే. సూపర్ ఒక బస్తా, 50 కిలోలు, అంటే డీఏపీ పదిహేడున్నర కిలోల లోపు, యూరియా పదిన్నర పైన. సూపర్ 100 కిలోలైతే డీఏపీతో పనే లేదు, యూరియా పదిహేడు పైచిలుకు. సున్నాకు నూటికి మధ్య ఏ అంకె వేసుకున్నా 8, 16, 20 సరిగ్గా పడతాయి. పాఠంలో 'ఫ్రీ వేరియబుల్' అని సార్ నాలుగుసార్లు చెప్పినా గాలిలో ఉండిపోయిన ముక్క, సూపర్ బస్తా రూపంలో అరుగు మీదికొచ్చి కూర్చుంది.

"ఎంతైనా ఒకటే అయితే నూరు కిలోలు ఎందుకేస్తావు నాయనా? బస్తాలు మోయల్ల గదా."

"ఒకటే అని నీ కాగితం చెప్తాంది. డీఏపీ ఏస్తే చెట్టు ఎగబెరుగుతాది. సూపర్ ఏస్తే గింజ గట్టిపడతాది."

సూపర్‌లో గంధకం ఉంటుంది, కాల్షియం ఉంటుంది, డీఏపీలో ఆ రెండూ లేవు. వేరుశనగ కాయ నిండడానికి, నూనె పట్టడానికి అవి కావాలి. గంధకానికి ఒక వరస చేర్చితే నాలుగింటికి నాలుగు అవుతాయి, జవాబు ఒక్కటే మిగులుతుంది. ఆ నాలుగో వరస నాయన దగ్గర ముందు నుంచీ ఉంది. నా మాత్రికలోకే అది ఆలస్యంగా వచ్చింది.

ఆ టర్మ్‌లో నాకు వచ్చిన మార్కులు ఫౌండేషన్ మొత్తంలో ఎక్కువ. పక్కన ఇంకో కోర్సు వేసుకుని ఉంటే ఈ బస్తాల లెక్కకు ఒక సాయంత్రం దొరికేది కాదు. అంత ఖరీదైన సాయంత్రాలను ప్రణాళికలో ముందే పెట్టుకోవాలని నా అభిప్రాయం. మన వీలును బట్టి చదవడమంటే నాకు అర్థమైనది ఇంతే.

స్టాట్స్ 2ను సెప్టెంబరుకు నెట్టాను. ఆండ్రూ తంగరాజ్ సార్ రెండు చలరాశుల ఉమ్మడి విభాజనం చెప్పేటప్పటికి శనగ సీజను ముగియవచ్చింది. సమాకలనం అధ్యాయం అప్పటికే రెండుసార్లు చదివి ఉన్నాను. డిసెంబరులో ఎండ్‌టర్మ్‌కు హైదరాబాదు. రాత్రి కర్నూలు నుంచి బస్సు, పొద్దున్నే దిగి పరీక్ష కేంద్రం వెతుక్కుంటూ పోయి రాసేసి, మరుసటి రోజు పత్తికొండ బస్టాండులో ఉగ్గాని బజ్జీ తిని నేరుగా అంగడికి.

2025 జనవరికి డిప్లొమా మెట్టులో అడుగుపెట్టాను. ఎప్పటిలాగే బరువైనదాన్నే ముందు ఎంచుకున్నాను: మెషిన్ లెర్నింగ్ ఫౌండేషన్స్. ఐగెన్ విలువలు, కనిష్ఠ వర్గాల పద్ధతి, ఆప్టిమైజేషన్ అన్నీ అందులోవే. మ్యాథ్స్ 2 నోట్సు, బస్తాల లెక్కతో సహా, మళ్ళీ బయటికి తీశాను. నాతో చేరిన బెంగళూరు అమ్మాయి ఫోన్ చేసి తన డిప్లొమా ముగియవచ్చిందని చెప్పింది. "నువ్వు ఈసారైనా నాలుగు తీసుకో అక్కా, ఇట్లయితే ఎప్పటికి ముగిస్తావు?" అంది.

"ఎనిమిదేళ్ళు ఇచ్చినారు గదా పాపా, ఇంకా మూడో ఏడే నడుస్తాంది" అని చెప్పి, ఒక్క కోర్సుకే డబ్బు కట్టాను.