మునుం పాట

రేనాటి పాట అనగానే చాలామందికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తొస్తాడు. 2019లో ‘సైరా నరసింహారెడ్డి’ వచ్చాక మరీనూ. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. సినిమా రాకముందు ఆ కథని ఊరూరా తిప్పింది పాటగాళ్లే. అదే ఉయ్యాలవాడకి చెందిన బుడ్డా వెంగళరెడ్డి కరువులో జనానికి అన్నం పెట్టిన సంగతి కూడా పాటగానే మిగిలింది. ఈ ఇద్దరి మీదా తంగిరాల వెంకట సుబ్బారావు గారు రాసిన పుస్తకం పేరు ‘రేనాటి సూర్యచంద్రులు’.

ఈ పాటలు బతికాయంటే వాటికి వినేవాళ్లు ఉన్నారు కాబట్టి. వాకిట్లో నిలబడి పాడితే జోలెలో ఇన్ని గింజలు పడేవి. అక్కడ పాటే పని.

మరి పనిలో పుట్టిన పాటల సంగతి? నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో కలుపు తీస్తూ, కపిల తోలుతూ, వడ్లు దంచుతూ పాడుకున్నవి? పరిశోధకులు వీటికి ‘శ్రామిక గేయాలు’ అని పేరు పెట్టారు. వీటికి వేరే శ్రోతలు లేరు. పాడేవాళ్లే వినేవాళ్లు.

అచ్చులో చదివితే ఇవి చప్పగానే ఉంటాయి. అన్న మాటే మళ్లీ మళ్లీ, అర్థం లేని వంత. కపిలనే తీసుకోండి. ఎద్దులు వాలు దిగుతుంటే నిండిన బాన పైకొస్తుంది, వెనక్కి నడిస్తే ఖాళీ బాన నీళ్లలోకి దిగుతుంది. చరణం పొడవు ఆ రాకపోకలంత. ఎన్ని బానలు తోడారో ఆ లెక్క కూడా పాటలోనే. కరెంటు మోటారు వచ్చాక లెక్కతో పనిలేదు, పాటతోనూ పనిలేదు.

కాబట్టి యంత్రాలే పాటని చంపాయని అనుకుంటాం. మా అవ్వ వేరే కారణం చెప్పింది.

అవ్వది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. రెండేళ్ల కిందట సంక్రాంతికి పోయినప్పుడు ఫోన్ ముందు పెట్టి కలుపు పాట పాడమన్నాను. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. “చేతిలో పని లేకుండా పాటెట్లా వస్తాది నాయనా?” అంది. సాయంత్రం పెరట్లో బెండ మొక్కల మధ్య గడ్డి పీకుతుంటే, అడక్కుండానే ఆరు చరణాలు వచ్చాయి. మొగుడి మీద ఎత్తిపొడుపు, చేను గలామె పోసే పలచటి మజ్జిగ మీద ఎగతాళి, అన్నీ ఉన్నాయి అందులో.

“చేన్లో పాడడం ఎప్పుడు మానేసినారవ్వా?”

“గుత్తకు పోబట్టినాక.”

దినకూలికి పోతే అందరూ కలిసి ఒక మునుం పట్టాలి. ముందు పోయేదాన్ని కాస్త ఆపడానికి, వెనకబడ్డదాన్ని లాక్కురావడానికి పాట. పిల్లతల్లీ ముసలామే కూడా ఆ వరసలోనే గట్టు చేరతారు. పత్తికి అట్లా కాదు, కేజీ లెక్క. ఎవరి సంచి వాళ్లది. పాడుకుంటూ నిలబడితే పక్కామె సంచే ముందు నిండుతుంది.

నంద్యాలలో 1906 నుంచీ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ‘నరసింహ’ అనే పత్తి రకం అక్కడిదే. విత్తనానికి పుట్టిన ఊరు, పేరు, నంబరు అన్నీ రాసి ఉన్నాయి. ఆ పత్తి తీసిన చేతులు ఎప్పుడు పాట మానేశాయో రాసిన రిజిస్టరు మాత్రం నాకెక్కడా కనబడలేదు.

స్కాట్లాండ్ పశ్చిమ దీవుల్లో ఆడవాళ్లు తడి ఉన్నిగుడ్డని బల్ల మీద బాదుతూ పాడేవాళ్లు. మగ్గం మీంచి దిగిన గుడ్డ చిక్కబడాలంటే అట్లా బాదాలి. ఎడిన్‌బరాలో 1951లో పెట్టిన స్కాటిష్ స్టడీస్ సంస్థ అలాంటి పాటల్ని రికార్డు చేసి దాచింది. ఇప్పుడు బృందాలు స్టేజి మీద గుడ్డ బాదుతూ అవే పాటలు పాడతాయి. పాట బతికింది, గుడ్డ మాత్రం అలంకారానికే.

మన దగ్గరా అదే జరుగుతోంది. యూట్యూబ్‌లో కలుపు పాటకి డప్పు తోడయ్యింది, వేగం పెరిగింది. ఆ వేగంతో ఎవరూ కలుపు తీయలేరు. అయినా వాళ్లని తప్పుపట్టను. వాళ్లు లేకపోతే ఆ బాణీ కూడా నా చెవిన పడేది కాదు.

నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్‌లో. పక్కపక్కనే కూర్చుంటాం, ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లవి, ఎవరి టికెట్లు వాళ్లవి. వెనకబడినవాడి సంగతి రివ్యూ రోజు దాకా ఎవరికీ తెలీదు. బహుశా అందుకే మునుం అనే మాట నన్ను వదలడం లేదు.

మీ ఇంట్లో ఇట్లాంటి పాట తెలిసిన పెద్దవాళ్లుంటే రికార్డు చేయండి. పాటతో పాటు ఇంకో నాలుగు సంగతులు అడిగి రాసుకోండి: ఏ పంట, ఏ పని, వరసలో ఎంతమంది, కూలి రోజుకా కేజీకా. అవి లేకపోతే మనం దాచేది సగం పాటే.